అమెరికాలో సొంతిల్లు, ఫెడరల్ ప్రభుత్వ విధానాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

శనివారం సాయంత్రాలు మా డైనింగ్ టేబుల్ మీద లోన్ కాగితాలు పరిచి స్నేహితులు, వాళ్ళ స్నేహితులు అడిగే ప్రశ్నలే ఇవి. నేను లోన్లు ఇప్పించేవాడిని కాదు, ఇళ్ళు అమ్మేవాడినీ కాదు. డాలస్ ఉత్తర శివార్లలో మా ఇల్లు కొన్నప్పుడు తెలియక కొంత నష్టపోయాను. అప్పటి నుంచి ఈ విధానాల గురించి చదవడం అలవాటయింది. చదివినకొద్దీ నాకు అర్థమైంది ఒక్కటే. ఇక్కడి ఫెడరల్ ప్రభుత్వం తొంభై ఏళ్ళుగా జనానికి అప్పు పుట్టేలా చేస్తూ వచ్చింది. ఆ అప్పుతో కొనడానికి సరిపడా ఇళ్ళు ఉన్నాయా లేదా అన్నది మాత్రం ఊళ్ళకు, బిల్డర్లకు వదిలేసింది. కింది జవాబుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ఫెడరల్ ప్రభుత్వం ఇక్కడ ఇళ్ళు కట్టించి ఇస్తుందా?

మన దగ్గర ప్రభుత్వ ఇల్లు అనగానే ఇందిరమ్మ ఇళ్ళు, డబుల్ బెడ్‌రూం ఇళ్ళు గుర్తొస్తాయి. లబ్ధిదారుల జాబితా వేస్తారు, ఇల్లు కట్టిస్తారు, లేదంటే కట్టుకోవడానికి విడతలవారీగా డబ్బు ఇస్తారు. అమెరికాలో సొంతిల్లు విషయంలో అలాంటిది దాదాపు లేదు. ఇక్కడ ప్రభుత్వం ముఖ్యంగా మూడు పనులు చేస్తుంది. మీరు లోన్ కట్టలేకపోతే లెండర్‌కు నష్టం రాకుండా ఇన్సూరెన్స్ ఇస్తుంది. లెండర్లు ఇచ్చిన లోన్లను కొనే పెద్ద సంస్థల వెనక నిలబడుతుంది. ఇల్లు ఉన్నవాళ్ళకు పన్నుల్లో మినహాయింపులు ఇస్తుంది.

ప్రభుత్వం కట్టిన పబ్లిక్ హౌసింగ్ ఉంది కానీ అది అద్దెకు ఉండేవాళ్ళ కోసం. అది కూడా పెరగదు. 1999 అక్టోబర్ 1 నాటికి ఎన్ని యూనిట్లు ఉన్నాయో అంతకు మించి ఫెడరల్ డబ్బుతో కట్టకూడదని 1998లో చట్టమే చేశారు.

“అఫర్డబుల్” అంటే ఎంత అని లెక్క?

ఇంటి ఖర్చు మొత్తం ఆదాయంలో 30 శాతం దాటకూడదన్నది గృహనిర్మాణ శాఖ, అంటే హడ్, వాడే కొలత. పన్నులు కోసుకోక ముందు ఆదాయం అది. సగం దాటితే తీవ్రమైన భారం కింద లెక్కేస్తారు. ఇంటి ఖర్చంటే లోన్ పేమెంట్ ఒక్కటే అనుకుని చాలామంది పొరబడతారు. ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్, హెచ్‌ఓఏ (కాలనీ సంఘానికి కట్టే రుసుము) అన్నీ కలిపి చూసుకోవాలి. టెక్సస్‌లో అయితే పన్నే సగం టెన్షన్.

ఎఫ్‌హెచ్‌ఏ అంటే బ్యాంకా?

కాదు, ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్) ఇంటి లోన్లకు ఇన్సూరెన్స్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ. లోన్ ఇచ్చేది మామూలు లెండరే.

1930లకు ముందు ఇంటి అప్పు ఇప్పటిలా ఉండేది కాదు. ఇంటి ధరలో దాదాపు సగం చేతిలో ఉండాలి. మిగతాది ఐదు నుంచి పదేళ్ళ గడువుకు ఇస్తారు. చాలామంది వడ్డీ మాత్రమే కట్టుకుంటూ పోయి, గడువు తీరాక అసలు మొత్తం ఒకేసారి కట్టాలి, లేదా అప్పు తిరగరాయించుకోవాలి. మహామాంద్యం వచ్చేసరికి తిరగరాసే బ్యాంకు మిగల్లేదు, లక్షల కుటుంబాల ఇళ్ళు పోయాయి. అప్పుడు 1934లో నేషనల్ హౌసింగ్ యాక్ట్ కింద ఎఫ్‌హెచ్‌ఏ పుట్టింది. తక్కువ డౌన్‌పేమెంట్, ఎక్కువ ఏళ్ళ గడువు, నెలనెలా అసలూ వడ్డీ కలిపి కట్టుకుంటూ పోతే చివరికి బాకీ సున్నా అయ్యే పద్ధతి దేశమంతా స్థిరపడింది అప్పుడే.

ఇప్పుడు క్రెడిట్ స్కోర్ (అప్పులు సక్రమంగా కడతారా అని కొలిచే అంకె) 580, ఆపైన ఉంటే 3.5 శాతం డౌన్‌పేమెంట్ చాలు. 500 నుంచి 579 మధ్య ఉంటే 10 శాతం పెట్టాలి. ఆ సౌకర్యానికి ఖరీదు ఉంది. 4 లక్షల డాలర్ల ఇంటికి 14,000 కట్టి 3,86,000 లోన్ తీసుకున్నారనుకోండి. ముందుగా 1.75 శాతం ఇన్సూరెన్స్, అంటే 6,755 డాలర్లు, సాధారణంగా లోన్‌లోనే కలిపేస్తారు. తర్వాత ఏటా 0.55 శాతం, నెలకు సుమారు 177 డాలర్లు. 2023 మార్చి వరకు ఇది 0.85 శాతం ఉండేది, తగ్గించడం మంచి పనే. కానీ 10 శాతం కన్నా తక్కువ డౌన్‌పేమెంట్ పెట్టినవాళ్ళకు ఈ నెలవారీ ఇన్సూరెన్స్ లోన్ ఉన్నంతకాలం పోదు. వదిలించుకోవాలంటే రీఫైనాన్స్ చేయాలి, అంటే కొత్త లోన్ తీసుకుని పాతది తీర్చేయాలి. కన్వెన్షనల్ లోన్‌లో, అంటే ప్రభుత్వ ఇన్సూరెన్స్ లేని మామూలు లోన్‌లో, అలా కాదు. 1998 చట్టం ప్రకారం బాకీ మొదటి ధరలో 80 శాతానికి దిగితే పీఎంఐ (ప్రైవేటు మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్) తీసేయమని మీరు అడగవచ్చు, పేమెంట్లు సక్రమంగా ఉంటే 78 శాతానికి వచ్చేసరికి వాళ్ళే తీసేయాలి. స్కోర్ బాగున్నవాళ్ళు ఎఫ్‌హెచ్‌ఏ వైపు చూసే ముందు ఈ తేడా లెక్క వేసుకోండి.

ముప్పై ఏళ్ళపాటు వడ్డీ మారకుండా ఉండటం ఎలా సాధ్యం?

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవాళ్ళకు ఇది నిజంగా వింతగా ఉంటుంది. అక్కడ రిజర్వ్ బ్యాంకు రెపో రేటు పెంచిందంటే ఈఎంఐ పెరుగుతుంది, లేకపోతే లోన్ గడువు నాలుగేళ్ళు సాగుతుంది. ఇక్కడ ఈ రోజు రాసుకున్న రేటు ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అదే. పైగా రేట్లు తగ్గితే రీఫైనాన్స్ చేసుకునే హక్కు మీది. పెరిగితే నష్టం వాళ్ళది, తగ్గితే లాభం మీది. ఏ బ్యాంకూ తనంతట తాను ఇలాంటి ఒప్పందం అంత తేలిగ్గా రాసుకోదు.

బ్యాంకు రాసుకోగలుగుతున్నది ఆ లోన్‌ను తన దగ్గరే ఉంచుకోనక్కర్లేదు కాబట్టి. 1938లో పెట్టిన ఫ్యానీ మే, 1970లో వచ్చిన ఫ్రెడ్డీ మ్యాక్ ఆ లోన్లు కొని, మూటకట్టి, గ్యారంటీ ఇచ్చి ప్రపంచమంతటా ఇన్వెస్టర్లకు అమ్ముతాయి. ఎఫ్‌హెచ్‌ఏ లోన్ల మూటలకు, సైనికులకిచ్చే వీఏ లోన్ల మూటలకు 1968లో ఏర్పడిన జిన్నీ మే గ్యారంటీ ఇస్తుంది. మీ లోన్ వేరే కంపెనీకి మారిందని ఉత్తరం వస్తే కంగారు పడకండి. సాధారణంగా మారేది డబ్బు వసూలు చేసే కంపెనీ, షరతులు మారవు.

ఫ్యానీ, ఫ్రెడ్డీలు కొనే లోన్‌కు ఏటా ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. 2025లో చాలా కౌంటీల్లో అది 8,06,500 డాలర్లు. ఖరీదైన ప్రాంతాల్లో ఇంకా ఎక్కువ. దానికి మించితే జంబో లోన్, అక్కడ షరతులు లెండర్ ఇష్టం.

మేము హెచ్‌1బీ మీద ఉన్నాం. మాకు ఎఫ్‌హెచ్‌ఏ లోన్ వస్తుందా?

ఒకప్పుడు వచ్చేది, ఇప్పుడు రాదు. 2025 మార్చి 26న హడ్ ఉత్తర్వు ఇచ్చింది. 2025 మే 25 నుంచి కొత్తగా కేసు నంబర్ పడే ఎఫ్‌హెచ్‌ఏ లోన్లకు పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. హెచ్‌1బీ, ఎల్1 ఉద్యోగ వీసాలు, చదువు తర్వాతి ఓపీటీ, ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద పనిచేసేవాళ్ళు అర్హులు కారు. అంతకు ముందు తీసుకున్న లోన్లు రద్దు కావు, వాటి గురించి భయం అక్కర్లేదు.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఇది రాసే నాటికి ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ నియమాల్లో చట్టబద్ధంగా ఇక్కడ ఉంటున్న వీసాదారులకు మిగతావాళ్ళతో సమానమైన షరతులే ఉన్నాయి. మొదటిసారి కొనేవాళ్ళకు 3 శాతం డౌన్‌పేమెంట్ లోన్ కూడా ఉంది. అయితే వీసా గడువు ఎంత మిగలాలి, ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంటే ఏం చేయాలి అన్న చోట లెండర్‌కు లెండర్‌కు తేడా ఉంటుంది. ఒకరు కాదన్నారని ఆగిపోకండి.

భార్యాభర్తల్లో ఒకరికి గ్రీన్ కార్డు ఉంటే వాళ్ళ పేరు మీద మాత్రమే ఎఫ్‌హెచ్‌ఏకు వెళ్ళవచ్చు. అప్పుడు వాళ్ళ ఆదాయమే లెక్కలోకి వస్తుంది. టెక్సస్, కాలిఫోర్నియా లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ (పెళ్ళయ్యాక వచ్చిన ఆస్తీ అప్పూ ఇద్దరివీ అనే) రాష్ట్రాల్లో ఇంకో మెలిక ఉంది. లోన్‌లో లేని భర్త లేదా భార్య కారు లోను, క్రెడిట్ కార్డు బాకీలు కూడా అప్పుల లెక్కలో కలుపుతారు. ఆదాయం కలపరు, అప్పులు కలుపుతారు.

నా అభిప్రాయం దాచుకోను. ఈ మార్పు అన్యాయం. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల భారతీయులు దశాబ్దాలుగా క్యూలో ఉన్నారు. పన్నెండేళ్ళుగా పన్నులు కడుతున్న మనిషిని కూడా కాగితం మీద తాత్కాలిక నివాసి అనే అంటారు. పెద్ద జీతం, పెద్ద పొదుపు ఉన్నవాళ్ళకు ఎఫ్‌హెచ్‌ఏ అవసరమే రాదు. దెబ్బ తగిలేది ఒకే జీతంతో నడిచే ఇంటికి. హెచ్4 (హెచ్‌1బీ వారి కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్న భార్యకు పని అనుమతి లేదు, ఊళ్ళో అమ్మానాన్నలకు డబ్బు పంపాలి, క్రెడిట్ చరిత్ర ఇంకా పలచగానే ఉంది. ఎఫ్‌హెచ్‌ఏను పెట్టిందే అలాంటి కుటుంబాల కోసం.

రెడ్‌లైనింగ్ అన్న మాట తరచూ వింటాం. అది పాత కథే కదా, మనకేం సంబంధం?

1933లో ప్రభుత్వం పెట్టిన హోం ఓనర్స్ లోన్ కార్పొరేషన్ 200కు పైగా నగరాలకు మ్యాపులు గీయించింది. మంచి పేటలకు ఆకుపచ్చ, ఆ తర్వాతి వాటికి నీలం, పసుపు. అప్పివ్వడానికి ప్రమాదం అనుకున్న పేటలకు ఎరుపు. రెడ్‌లైనింగ్ అన్న పేరు ఆ ఎరుపు నుంచే వచ్చింది. నల్లజాతివారు ఉన్న పేట దాదాపు ఎప్పుడూ ఎరుపే. ఎఫ్‌హెచ్‌ఏ ఇంకో అడుగు ముందుకేసింది. ఇళ్ళ దస్తావేజుల్లో ఇతర జాతుల వాళ్ళకు అమ్మకూడదన్న షరతు ఉంటే మంచిదని తన మాన్యువల్‌లోనే రాసుకుంది.

డెట్రాయిట్‌లో ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర ఒక గోడ ఉంది. ఆరడుగుల ఎత్తు, సుమారు అర మైలు పొడవు. 1941లో ఒక బిల్డర్ అక్కడ తెల్లవాళ్ళ కోసం ఇళ్ళు కట్టబోతే, పక్కనే నల్లజాతివారి పేట ఉందని ఎఫ్‌హెచ్‌ఏ ఒప్పుకోలేదు. మధ్యలో గోడ కట్టాక ఒప్పుకుంది. దాని కాంక్రీటు ఇప్పటికీ నిలిచే ఉంది. పార్కును ఆనుకున్న భాగం మీద ఆ పేటవాళ్ళు రంగురంగుల బొమ్మలు వేసుకున్నారు, వాటి పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. ఒక ప్రభుత్వ సంస్థ నియమాన్ని చేత్తో తాకి చూడాలంటే ఆ గోడ దగ్గరికి వెళ్ళాలి.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 జీఐ బిల్లు కింద డౌన్‌పేమెంట్ లేకుండా లోన్లు ఇచ్చారు. 1947లో న్యూయార్క్ దగ్గర మొదలైన లెవిట్‌టౌన్‌లో సుమారు 8,000 డాలర్లకు కొత్త ఇల్లు దొరికేది. నల్లజాతి సైనికులూ అదే యుద్ధం చేసి వచ్చారు. కానీ ఆ కాలనీ ఒప్పంద పత్రాలు వాళ్ళను లోపలికి రానివ్వలేదు. అప్పుడు ఇల్లు కొన్న కుటుంబాలు పిల్లల్ని ఆ ఇంటి విలువ మీదే కాలేజీలకు పంపాయి, పోతూ పోతూ ఆస్తి రాసిచ్చాయి. కొననివ్వని కుటుంబాలకు అద్దె రసీదులే మిగిలాయి.

1948లో సుప్రీంకోర్టు అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. మనకు సంబంధం ఇక్కడే. 1965 ఇమిగ్రేషన్ చట్టం మన డాక్టర్లకు, ఇంజనీర్లకు ఈ దేశపు తలుపు తెరిచింది. శివారు కాలనీ తలుపు తెరిచింది 1968 చట్టం. కాకేసియన్లకు తప్ప ఎవరికీ అమ్మరాదన్న వాక్యం చెల్లకపోయినా ఎన్నో పాత దస్తావేజుల్లో నేటికీ అచ్చులో ఉంది. ఆ వాక్యంలో మనమూ బయటివాళ్ళమే. దాన్ని చెల్లకుండా చేసింది నల్లజాతివారి పోరాటం. ఫలానా పేటలో ఫలానా వాళ్ళు ఎక్కువ, అక్కడ వద్దు అని మనవాళ్ళు వాట్సాప్‌లో రాసినప్పుడు నాకు ఈ వాక్యమే గుర్తొస్తుంది.

చట్టం వచ్చినంత మాత్రాన లెక్క సరిపోలేదు. 1968లోనే సెక్షన్ 235 అని ఒక పథకం పెట్టారు. 200 డాలర్ల డౌన్‌పేమెంట్‌తో పేదలకు ఇల్లు, వడ్డీలో ఒక శాతం పోను మిగతాది ప్రభుత్వమే భరించే ఏర్పాటు. ఉద్దేశం గొప్పది. కానీ కూలిపోయేలా ఉన్న ఇళ్ళకు పైపైన రంగులేసి, ఇంటి విలువ కట్టే అప్రైజర్లకు లంచాలిచ్చి, నల్లజాతి తల్లులకు అంటగట్టారు. పైకప్పు కారింది, హీటర్ పాడైంది, లోన్ కట్టలేకపోయారు. డెట్రాయిట్‌లో వేల ఇళ్ళు హడ్ చేతికి వచ్చి పాడుబడ్డాయి. 1973 జనవరిలో నిక్సన్ ప్రభుత్వం పథకాన్ని నిలిపేసింది. లోన్‌కు గ్యారంటీ ఇచ్చినవాళ్ళు ఇంటి గోడలు కూడా చూసి ఉండాల్సింది.

1960లో సొంతిల్లు ఉన్న తెల్లవాళ్ళు సుమారు 64 శాతం, నల్లజాతివారు 38 శాతం. ఇప్పుడు సుమారు 74, 45. రెండూ పెరిగాయి, మధ్యలో దూరం మాత్రం తగ్గలేదు.

వీఏ, యూఎస్‌డీఏ లోన్లు ఎవరికి?

వీఏ లోన్ సైన్యంలో పనిచేసినవాళ్ళకు, పనిచేస్తున్నవాళ్ళకు. డౌన్‌పేమెంట్ అక్కర్లేదు, నెలవారీ ఇన్సూరెన్స్ ఉండదు, ఒకసారి కట్టే ఫీజు ఉంటుంది. యూఎస్‌డీఏ లోన్ పల్లెలకు, చిన్న ఊళ్ళకు. దానికీ డౌన్‌పేమెంట్ లేదు, ఆదాయ పరిమితి ఉంది. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళ వంటి అర్హులకే ఇస్తారు. పేరు చూసి అడవిలో ఇల్లనుకోకండి. నగరం అంచున ఉన్న కొన్ని ఊళ్ళు కూడా ఆ మ్యాపులో ఉంటాయి.

2008లో కుప్పకూలడానికి ప్రభుత్వ విధానమే కారణమా?

కొంతవరకే. సొంతిళ్ళ శాతం 2004లో 69.2కు చేరి రికార్డు సృష్టించింది. ప్రభుత్వాలు రెండు పార్టీలవీ ఆ అంకెను చూసి మురిసిపోయాయి. కానీ ఆదాయం చూడకుండా, మొదట తక్కువ రేటు చూపించి రెండేళ్ళకు పెంచే లోన్లు ఎక్కువగా రాసింది ప్రైవేటు కంపెనీలు. వాటిని మూటలు కట్టి అమ్మింది వాల్‌స్ట్రీట్. ఫ్యానీ, ఫ్రెడ్డీలు మార్కెట్ పోతుందన్న భయంతో ఆలస్యంగా ఆ రొంపిలోకి దిగి, చేతిలో చాలినంత పెట్టుబడి లేక మునిగాయి. 2008 సెప్టెంబర్‌లో ప్రభుత్వం వాటిని తన ఆధీనంలోకి తీసుకుని సుమారు 19,000 కోట్ల డాలర్లు పోసింది.

2010 డాడ్-ఫ్రాంక్ చట్టం తర్వాత, కట్టగలరా లేదా అని చూడకుండా లోన్ ఇవ్వకూడదు. మీ దగ్గర రెండేళ్ళ డబ్ల్యూ2లు (ఏడాది జీతం, పన్ను చూపే ఫారాలు), పే స్టబ్‌లు (జీతం చీటీలు), బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతున్నారంటే అందుకే. డౌన్‌పేమెంట్‌కు నాన్నగారు ఇండియా నుంచి డబ్బు పంపితే ఇది తిరిగి ఇవ్వనక్కర్లేని బహుమతి అని ఆయన సంతకంతో గిఫ్ట్ లెటర్, ఆ డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో చూపే కాగితం కావాలి. పొలం అమ్మిన డబ్బయితే ఆ కాగితాలు కూడా ముందే సిద్ధం చేసుకోండి. క్లోజింగ్‌కు, అంటే సంతకాలు పెట్టి ఇల్లు చేతికొచ్చే రోజుకు, మూడు రోజుల ముందు గుంటూరుకు ఫోన్లు చేయడం చూశాను, ఆ హైరానా ఎవరికీ వద్దు.

2008 వదిలిన ఇంకో గాయం గురించి తక్కువ మాట్లాడతారు. 2005లో దేశంలో 20 లక్షలకు పైగా ఇళ్ళ నిర్మాణం మొదలైంది. 2009లో 5.54 లక్షలు. బిల్డర్లు దివాలా తీశారు, మేస్త్రీలు, కార్పెంటర్లు వేరే పనుల్లోకి పోయారు. ఆ లోటు ఇంకా తీరలేదు.

ఇంటి వడ్డీకి పన్ను మినహాయింపు ఉందిగా, అది మనకు లాభమే కదా?

అనుకున్నంత కాదు. 4 లక్షల లోన్, 6.5 శాతం వడ్డీ అనుకుందాం. మొదటి ఏడాది వడ్డీ సుమారు 25,900 డాలర్లు. ప్రాపర్టీ టాక్స్ 9,000 కలిపితే 34,900. కానీ ఏ ఇల్లూ లేని దంపతులకు కూడా 2025లో స్టాండర్డ్ డిడక్షన్ (విడిగా ఖర్చులు చూపించడానికి బదులు అందరికీ ఇచ్చే మినహాయింపు) 31,500 వచ్చింది. అంటే ఇల్లు వల్ల అదనంగా కలిసొచ్చింది 3,400. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే ఏడాదికి మిగిలేది సుమారు 750 డాలర్లు. ఈ మినహాయింపు చూపించి రియల్టర్ ఖరీదైన ఇంటివైపు నడిపిస్తుంటే ఈ లెక్క వేసి చూపించండి.

లోన్ పెద్దదయ్యేకొద్దీ, శ్లాబు పెరిగేకొద్దీ ఇది లాభిస్తుంది. 2017 చట్టం స్టాండర్డ్ డిడక్షన్‌ను దాదాపు రెట్టింపు చేశాక పదిమందిలో ఒకరే విడిగా ఖర్చులు చూపించుకుంటున్నారు. అంటే ప్రభుత్వం వదులుకుంటున్న పన్ను చాలావరకు ఎలాగూ ఇల్లు కొనగలిగే వాళ్ళకే వెళ్తోంది. కెనడాలో సొంతింటి వడ్డీకి ఇలాంటి మినహాయింపు లేదు. అయినా అక్కడ సొంతిళ్ళ శాతం అమెరికాతో దాదాపు సమానం. ఆ డబ్బు మొదటిసారి కొనేవాళ్ళ డౌన్‌పేమెంట్‌కు ఇచ్చి ఉంటే ఎంతో బాగుండేది.

వడ్డీ రేట్లు తగ్గితే ఇళ్ళు అందుబాటులోకి వస్తాయా?

ఒక్కోసారి రేటు తగ్గడం వల్లే ధర పెరుగుతుంది. కరోనా సమయంలో ఫెడరల్ రిజర్వ్ (ఇక్కడి కేంద్ర బ్యాంకు, ఫెడ్) లోన్ల మూటలను పెద్ద ఎత్తున కొంది. 2021 జనవరిలో ముప్పై ఏళ్ళ సగటు రేటు 2.65 శాతానికి పడిపోయింది. జనం ఎగబడ్డారు. ఉన్న ఇళ్ళు అవే, కొనేవాళ్ళు రెట్టింపు. ఓపెన్ హౌస్ ముందు కార్ల వరస, ఇన్‌స్పెక్షన్ కూడా వదులుకుని అడిగిన ధర మీద 50,000 ఎక్కువ రాసిచ్చిన ఆఫర్లు మా వీధిలోనే చూశాను. రేటు తగ్గించి ఇచ్చిన మేలు ధర రూపంలో అమ్మేవాడి జేబులోకి పోయింది.

తర్వాత 2022 మార్చి నుంచి ఫెడ్ రేట్లు పెంచింది. 2023 అక్టోబర్‌లో సగటు 7.79 శాతం. అప్పుడు ధరలు పడాలి కదా? పెద్దగా పడలేదు. 4 లక్షల లోన్‌కు 3 శాతం దగ్గర నెలకు 1,686 డాలర్లు, 7 శాతం దగ్గర 2,661. పాత లోన్ ఉన్న మనిషి పక్క వీధిలో అలాంటి ఇంటికే మారినా నెలకు దాదాపు వెయ్యి డాలర్లు ఎక్కువ కట్టాలి. ఎందుకు అమ్ముతాడు? పిల్లలు పెరిగి ఇల్లు ఇరుకైనా, ఉద్యోగం దూరమైనా కదలడం లేదు. ముప్పై ఏళ్ళ ఫిక్స్‌డ్ రేటు ఇల్లున్నవాళ్ళకు గొడుగు పట్టింది. అదే గొడుగు కొత్తవాళ్ళకు దారి మూసింది.

మరి ఎక్కువ ఇళ్ళు కట్టొచ్చు కదా, ఎవరు ఆపుతున్నారు?

ఎక్కువగా ఆపుతున్నది ఊరి నియమాలు, అంటే జోనింగ్. ఈ స్థలంలో ఒక కుటుంబానికి ఒక ఇల్లే, స్థలం ఇంత పెద్దది ఉండాలి, ముందు ఇంత ఖాళీ వదలాలి, రెండు కార్లకు చోటు ఉండాలి. ఇవన్నీ ఊరు నిర్ణయిస్తుంది. అయితే ఇందులో ఫెడరల్ ప్రభుత్వం చేయి కూడా ఉంది. రాష్ట్రాలు ఎలా జోనింగ్ చట్టం చేసుకోవాలో నమూనా రాసిచ్చింది 1920లలో హెర్బర్ట్ హూవర్ నడిపిన వాణిజ్య శాఖే. 1926లో యూక్లిడ్ కేసులో సుప్రీంకోర్టు దానికి ముద్ర వేసింది.

మార్పు రాష్ట్రాల నుంచి వస్తోంది. 2019లో ఓరెగాన్, 2021లో కాలిఫోర్నియా ఒకే ఇల్లు అన్న నియమాన్ని సడలించాయి. 2025లో టెక్సస్ చేసిన చట్టం ప్రకారం పెద్ద నగరాలు ఐదెకరాలు, ఆపైన ఉండే కొత్త కాలనీల్లో 3,000 చదరపు అడుగుల కన్నా పెద్ద స్థలం ఉండాలని పట్టుబట్టకూడదు. మన గజాల్లో 333. హైదరాబాద్‌లో 150 గజాల్లో రెండంతస్తులు కట్టుకున్న కుటుంబాలు మనకు తెలుసు, ఇక్కడ చాలా ఊళ్ళలో అది దశాబ్దాలుగా నియమాలకు విరుద్ధం.

మన కాలనీ సమావేశాల్లో, ఎదురుగా టౌన్‌హోమ్‌లు వస్తే స్కూలు రేటింగ్ పడిపోతుందని సంతకాలు సేకరించేవాళ్ళలో మన పేర్లు కూడా ఉంటున్నాయి. రెండేళ్ళ క్రితం అద్దెకు ఉండి ఇల్లు దొరక్క బాధపడినవాళ్ళే వాళ్ళు. దయచేసి ఆ కాగితం మీద సంతకం చేసే ముందు ఆ రోజులు తలచుకోండి.

యాభై ఏళ్ళ లోన్ వస్తే మంచిదేనా?

2025 నవంబర్‌లో అధ్యక్షుడు ట్రంప్ ఈ ఆలోచన బయటపెట్టారు. లెక్క చూద్దాం. 4 లక్షలు, 6.5 శాతం. ముప్పై ఏళ్ళకు నెలకు 2,528 డాలర్లు, యాభై ఏళ్ళకు 2,255. నెలకు మిగిలేది సుమారు 273. పదేళ్ళు కట్టాక ముప్పై ఏళ్ళ లోన్‌లో అసలు దాదాపు 60,900 తీరుతుంది. యాభై ఏళ్ళ దాంట్లో 14,850. చివరిదాకా కడితే వడ్డీ ఐదు లక్షల పైచిలుకుకు బదులు తొమ్మిదిన్నర లక్షలు. పైగా యాభై ఏళ్ళ లోన్‌కు రేటు కూడా ఇంకాస్త ఎక్కువే అడుగుతారు. నాకిది ఇష్టం లేదు. డాడ్-ఫ్రాంక్ కింద వచ్చిన నియమాల్లో సురక్షితమైన లోన్‌కు ముప్పై ఏళ్ళే గరిష్ఠ గడువు అని పెట్టడానికి కారణం ఉంది.

పెద్ద కంపెనీలు ఇళ్ళన్నీ కొనేస్తున్నాయంటారు, నిజమేనా?

దేశం మొత్తం చూస్తే వాళ్ళ వాటా చిన్నది. అట్లాంటా, షార్లట్, ఫీనిక్స్, టాంపా లాంటి చోట్ల మాత్రం కొన్ని పేటల్లో బాగా కనబడుతుంది. 2008 తర్వాత ఫోర్‌క్లోజర్ అయిన, అంటే లోన్ కట్టలేక లెండర్ చేతికి పోయిన, ఇళ్ళను కట్టలు కట్టలుగా కొని అద్దెకిచ్చారు. నన్ను బాధపెట్టింది 2017 నాటి సంగతి. ఇన్విటేషన్ హోమ్స్ అనే అద్దె ఇళ్ళ సంస్థ తీసుకున్న 100 కోట్ల డాలర్ల అప్పుకు ఫ్యానీ మే గ్యారంటీ ఇచ్చింది. మామూలు కుటుంబాలకు అప్పు పుట్టడం కోసం పెట్టిన సంస్థ అది.

కొత్త ఇల్లు కొన్న రెండో ఏడాది పేమెంట్ ఎందుకంత పెరిగింది?

నేను నష్టపోయింది ఇక్కడే. టెక్సస్‌లో ప్రాపర్టీ టాక్స్ విలువ జనవరి 1న ఉన్న స్థితిని బట్టి కడతారు. మేం కొన్న ఏడాది జనవరి 1న అక్కడ ఉన్నది ఖాళీ స్థలమే. మొదటి ఏడాది పన్ను 2,100 డాలర్లు. లెండర్ దాన్నే చూసి ఎస్క్రో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం నెలనెలా పేమెంట్‌తో తీసి ఉంచే డబ్బు) లెక్క కట్టాడు, మేం పేమెంట్ తక్కువగా ఉందని సంతోషించాం. రెండో ఏడాది ఇంటితో కలిపి 8,700. తెల్లటి కవరులో రెండు పేజీల ఎస్క్రో ఎనాలిసిస్ వచ్చింది. కింద వరసలో కొత్త పేమెంట్ 1,100 డాలర్లు ఎక్కువ. అందులో సగం పెరిగిన పన్ను, సగం పాత లోటు పూడ్చడానికి. ఆ ఏడాది పండక్కి ఇంటికి వెళ్ళడం మానుకున్నాం.

1974 నాటి రెస్పా అనే ఫెడరల్ చట్టం ఇక్కడ కొంత కాపాడుతుంది. లెండర్ ఎస్క్రోలో రెండు నెలల మొత్తాన్ని మించి అదనంగా ఉంచుకోకూడదు, ఏటా లెక్క చెప్పాలి. లోటు ఒక నెల ఎస్క్రో కన్నా ఎక్కువైతే దాన్ని కనీసం 12 నెలల మీద సర్దాలి తప్ప ఒకేసారి కట్టమని బలవంతం చేయకూడదు. కొత్త ఇల్లయితే పూర్తి ధర మీద పన్ను వేసి ఎస్క్రో కట్టమని క్లోజింగ్‌కు ముందే అడగండి. ఎంయూడీ, పీఐడీ పన్నులు (కొత్త కాలనీల్లో నీళ్ళు, రోడ్ల వంటి వసతుల కోసం వేసే అదనపు పన్నులు) ఉన్నాయేమో బిల్డర్‌ను రాతపూర్వకంగా అడగండి.

డబ్బు ఖర్చు లేకుండా సలహా ఎక్కడ దొరుకుతుంది?

హడ్ గుర్తింపు పొందిన హౌసింగ్ కౌన్సిలర్లు ప్రతి రాష్ట్రంలో ఉన్నారు. వాళ్ళకు మీ లోన్ మీద కమీషన్ ఉండదు. చాలాచోట్ల ఉచితం లేదా చిన్న ఫీజు. పేమెంట్ కట్టలేని పరిస్థితి వచ్చినా ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళండి. లేఆఫ్ వచ్చిన వెంటనే వెళ్ళడం మేలు, మూడు నెలలు ఎగ్గొట్టాక దారులు తగ్గిపోతాయి.

ఇక లెండర్ విషయం. దరఖాస్తు ఇచ్చిన మూడు పనిదినాల్లో లోన్ ఎస్టిమేట్ అని మూడు పేజీల కాగితం ఇవ్వాలి. అందరూ ఒకే నమూనాలో ఇవ్వాలని ఫెడరల్ నియమం ఉంది కాబట్టి పక్కపక్కన పెట్టి చూడటం తేలిక. కనీసం ముగ్గురి దగ్గర ఒకే రోజు తీసుకోండి. రేట్లు రోజూ మారతాయి. 45 రోజుల లోపు ఎంతమంది లెండర్లు క్రెడిట్ చూసినా స్కోర్‌కు ఒకే ఎంక్వైరీగా లెక్క, ఆ భయంతో ఒక్కరి దగ్గరే ఆగిపోవద్దు. రెండో పేజీలో మొదటి వరస లెండర్ తీసుకునే ఫీజులు, అక్కడ బేరమాడవచ్చు. మూడో పేజీలో ఐదేళ్ళకు మీరు కట్టే మొత్తం ఎంత, అందులో అసలు కింద తీరేది ఎంత అని రెండు అంకెలు ఉంటాయి. ముగ్గురి కాగితాల్లోనూ ఆ రెండు అంకెలకు పెన్నుతో గుండ్రం చుట్టి, ఇంట్లో ఇద్దరూ కూర్చుని చూశాకే సంతకం పెట్టండి.